చెవి మిషన్ ఉన్నా పాఠం ఎందుకు అందదు?

సంక్షిప్తంగా: వినికిడి యంత్రం గానీ, శస్త్రచికిత్సతో లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ గానీ చేసే పని శబ్దాన్ని లోపలికి చేర్చడం వరకే. ఆ శబ్దాన్ని మాటగా పోల్చుకోవడాన్ని పిల్లలు ఏళ్ల తరబడి సాధనతో నేర్చుకోవాలి. ఇంట్లో, శిక్షణ గదిలో కుదిరిన ఆ నేర్పు తరగతిలో చెదిరిపోవడానికి దూరం, రొద, గోడల మారుమోత కారణమవుతున్నాయి. ఈ మూడింటినీ తగ్గించే ఏర్పాట్లు బడిలో లేనప్పుడు శస్త్రచికిత్సకు, యంత్రాలకు పెట్టిన ఖర్చులో పెద్ద భాగం ఫలితం ఇవ్వకుండానే పోతుంది.

ఇంట్లో పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికే పిల్లవాడు తరగతిలో ఎంత పిలిచినా తల తిప్పడు. వాడికి వినబడదని ఉపాధ్యాయులు అంటారు, వినబడుతోందని తల్లిదండ్రులు అంటారు. మిషన్ పాడైందేమోనని ఒకరు, పిల్లవాడికి శ్రద్ధ లేదని మరొకరు అనుకుంటారు. చాలా సందర్భాల్లో ఈ అనుమానాలేవీ నిజం కావు, తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ చెప్పేవి మాత్రం రెండూ నిజమే. మీటరు దూరంలో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినబడే మాటకూ, అయిదు మీటర్ల దూరంలో నలభై మంది పిల్లల నడుమ వినబడే మాటకూ ఉన్న తేడాను మిషన్ తనంతట తాను పూడ్చలేదు.

శస్త్రచికిత్స తరువాత మొదలయ్యే పని

ఆరోగ్యవంతమైన లోపలి చెవిలో, నత్త ఆకారపు గొట్టంలో, శబ్దాన్ని నాడికి అందించే లోపలి వరస రోమకణాలు సుమారు 3,500 ఉంటాయి. కాక్లియర్ ఇంప్లాంట్‌లో వాటి పనిని తయారీ సంస్థను బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు చేస్తాయి. ఇంత తక్కువ దారుల గుండా వెళ్లే సంకేతంతోనే పిల్లలు మాటలు నేర్చుకోగలగడం వైద్యశాస్త్రం సాధించిన గొప్ప విజయాల్లో ఒకటి. అయితే ఆ సంకేతం మనం వినే శబ్దం లాంటిది కాదు. శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారాలకు, శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే బయటి ప్రాసెసర్‌ను తొలిసారి ఆన్ చేసినప్పుడు పిల్లలకు అందేది అర్థం లేని చప్పుడే. ఆ తరువాత పలుమార్లు మ్యాపింగ్ చేయించి ఒక్కో ఎలక్ట్రోడ్‌కు ఎంత విద్యుత్తు సరిపోతుందో సరిచేస్తూ, మరోవైపు వినడంలో శిక్షణ ఇస్తూ పోవాలి.

ఈ శిక్షణ సాధారణంగా నాలుగు మెట్లుగా సాగుతుంది. శబ్దం ఉందో లేదో తెలియడం మొదటి మెట్టు. రెండు శబ్దాలు ఒకటి కావని తెలియడం రెండవది, విన్నది ఫలానా మాట అని పోల్చుకోవడం మూడవది, దాని అర్థం గ్రహించి జవాబివ్వడం నాలుగవది. పిలిస్తే తల తిప్పడం మొదటి మెట్టుకు చెందిన పని. పాఠం వినడానికి నాలుగో మెట్టు కావాలి. మొదటి మెట్టు చూసి "వినికిడి వచ్చేసింది" అని సంతోషపడి శిక్షణ మానేసే కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే.

వయసు కూడా నిర్ణాయకమైనదే. పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు యంత్రమూ శిక్షణా అన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన గడువు. లోపాన్ని ఆరు నెలల వయసులోపు గుర్తించిన పిల్లల భాష, ఆ తరువాత గుర్తించిన వారి భాషకంటే స్పష్టంగా మెరుగ్గా ఉంటుందని అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం 1998లో చూపింది. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పొందిన పిల్లల మెదడు శబ్దానికి స్పందించే వేగం తోటి పిల్లల స్థాయికి చేరుతోందని అను శర్మ, ఆమె సహచరులు 2002లో ప్రచురించారు. శబ్దం అందని మెదడు భాగాన్ని చూపు వంటి ఇతర ఇంద్రియాలు వాడుకోవడం మొదలుపెడతాయి కాబట్టి ఆలస్యం పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

భారతదేశంలో చెవుడు నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమం 2007 నుంచి, బడి ఈడు దాకా పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ, దేశవ్యాప్తంగా దివ్యాంగులకు సహాయక పరికరాలు ఇచ్చే కేంద్రం పథకం అడిప్ ఇంప్లాంట్‌ను లక్షల రూపాయలు భరించలేని ఇళ్లకు చేర్చాయి. మేనరికపు పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో, తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే లోపపు జన్యువును మోస్తూ అది బిడ్డలో బయటపడే అవకాశం హెచ్చుగా ఉంటుంది. అందుకే ఈ పథకాల విలువ ఇక్కడ మరింత ఎక్కువ.

ఉపాధ్యాయుడి నోటికీ పిల్లవాడి చెవికీ మధ్య

మామూలు గొంతుతో మాట్లాడే మనిషి మాట మీటరు దూరంలో సుమారు 60 నుంచి 65 డెసిబెల్ ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్ చొప్పున పడిపోతుంది. మీటరు దగ్గర 62 ఉన్నది రెండు మీటర్లకు 56కూ, నాలుగు మీటర్లకు 50కీ, ఎనిమిది మీటర్లకు 44కూ దిగుతుంది. అదే సమయంలో గదిలో ఫ్యాన్ల చప్పుడు, పక్క తరగతి పిల్లలు వల్లించే ఎక్కాలు, కిటికీ అవతలి ఆటోలు, ఈడ్చే బల్లలు కలిసి 50 నుంచి 60 డెసిబెల్ దాకా రొదను నింపితే చివరి బెంచీ దగ్గర మాట రొదలో మునిగిపోతుంది.

వినికిడి యంత్రం ఇక్కడ ఎందుకు ఆదుకోలేదన్నదే చాలామందికి అర్థం కాని విషయం. యంత్రపు మైకు చెవి దగ్గర ఉంటుంది. అక్కడికి వచ్చేసరికే మాటా రొదా కలిసిపోయి ఉంటాయి, యంత్రం ఆ రెంటినీ కలిపి పెంచుతుంది. కొత్త యంత్రాలు ఎదుటి నుంచి వచ్చే శబ్దానికి ప్రాధాన్యం ఇచ్చి వెనుక రొదను కొంత అణచగలవు గానీ, ఆ మేలు మాట్లాడే మనిషి ఒకటి రెండు మీటర్లలో ఉన్నప్పుడే బాగా తెలుస్తుంది.

నిర్ణయించేది మాట ఎంత పెద్దగా ఉందన్నది కాదు, రొదకంటే ఎంత పైన ఉందన్నది. మాటా రొదా సమానంగా ఉన్నా మామూలు వినికిడి గల పెద్దవాళ్లు వాక్యాన్ని చాలావరకు పట్టుకోగలరు, ఎందుకంటే వినబడని ముక్కలను తమకు తెలిసిన భాషతో పూరించుకుంటారు. భాష ఇంకా నేర్చుకుంటూ ఉన్న పిల్లలకు ఆ పూరింపు చేతకాదు. వినికిడి లోపం ఉన్న పిల్లలకైతే మాట రొదకంటే కనీసం 15 డెసిబెల్ పైన ఉండాలని నిపుణులు చెబుతారు. మన తరగతుల్లో వెనుక వరసలకు ఆ తేడా దొరకడం అరుదు.

మూడో శత్రువు మారుమోత. శబ్దం ఆగిన తరువాత అది 60 డెసిబెల్ తగ్గడానికి పట్టే కాలంతో దాన్ని కొలుస్తారు. అమెరికాలో 2002లో వచ్చిన ప్రమాణం ప్రకారం సాధారణ పరిమాణపు తరగతి గదిలో ఇది 0.6 సెకన్లు మించకూడదు, ఖాళీ గదిలో రొద 35 డెసిబెల్ దాటకూడదు. బ్రిటన్‌లో కొత్తగా కట్టే బడులకు ఇటువంటి పరిమితులు భవన నిబంధనల్లోనే ఉన్నాయి. శ్లాబు కప్పు, సిమెంటు పూత గోడలు, నాపరాళ్ల నేల ఉండి బట్ట గానీ, చాప గానీ లేని గదిలో మారుమోత సులభంగా సెకను దాటుతుంది. రేకుల షెడ్డులో వాన పడుతున్నప్పటి పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు. సెకనుకు నాలుగైదు అక్షరాలు పలికే ఉపాధ్యాయుడి మాటలో ఒక అక్షరం ఆరిపోకముందే దాని మీద మరో నాలుగు వచ్చి పడుతుంటాయి.

తెలుగు మాటలో ముందుగా జారిపోయేది

ఈ విషయంపై అందుబాటులో ఉన్న సమాచారంలో ఎక్కువ భాగం ఆంగ్లం విని నేర్చుకునే పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినది. ఆంగ్లంలో బహువచనాన్ని, క్రియాకాలాన్ని తెలిపే గుర్తులు మాట చివర సకారంగానో, టకారంగానో సన్నగా వినబడతాయి. 4,000 హెర్ట్జ్‌కు పైన ఉండే సకారపు శక్తి చాలామంది పిల్లలకు పూర్తిగా అందదు. తెలుగు అజంత భాష. మాట అచ్చుతో ముగుస్తుంది, అచ్చులు బలమైన శబ్దాలు. ఆ మేరకు తెలుగు పిల్లలకు కొంత సౌలభ్యం ఉందనవచ్చు.

అయితే తెలుగుకు తనవైన ఇబ్బందులున్నాయి. పడు, పాడు అనే మాటల మధ్య తేడా అచ్చు నిడివి ఒక్కటే. మారుమోత అచ్చును సాగదీస్తుంది కాబట్టి హ్రస్వం దీర్ఘంలా వినబడే ప్రమాదం ఉంది. అటు, అట్టు అనే మాటలను వేరుచేసేది ద్విత్వంలో నాలుక ఆగే లిప్తపాటు నిశ్శబ్దం. మారుమోత ఆ ఖాళీని నింపేస్తుంది. రాయండి, రాయకండి అనే మాటల్లో మొత్తం అర్థాన్ని తలకిందులు చేసేది నడుమ వచ్చే ఒక్క కకారం. పరీక్ష రోజున ఆ కకారం జారిపోతే పిల్లవాడు వద్దన్న పనినే చేస్తాడు, దాన్ని మొండితనంగా లెక్కగడతారు. వచ్చింది, వచ్చిందా అనే మాటల్లో ఒకటి సమాచారం, మరొకటి ప్రశ్న.

పెదవులు చూసి గ్రహించవచ్చుగా అన్న సలహాకూ పరిమితి ఉంది. పాట, బాట, మాట అనే మూడింటికీ పెదవులు ఒకే తీరున కదులుతాయి. క, గ వంటివి గొంతు దగ్గర పుట్టేవి కాబట్టి పెదవుల మీద కనబడవు. ఉపాధ్యాయుడు బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడితే ఆ కొద్దిపాటి ఆధారమూ పోతుంది.

మాధ్యమం మార్పు దీనికి తోడవుతోంది. రెండు మూడేళ్లు తెలుగులో శిక్షణ పొంది, అమ్మ మాటలతో వినడం నేర్చుకున్న పిల్లలను ఒకటో తరగతిలో ఆంగ్ల మాధ్యమంలో వేస్తే, చెవి ఇంకా స్థిరపడని దశలో హల్లులతో ముగిసే మాటల భాష ఎదురవుతుంది. రెండు భాషలు నేర్చుకోవడం వారికి అసాధ్యమేమీ కాదు. మొదటి భాష గట్టిపడక ముందే బోధన భాషను మార్చడం మాత్రం వారి మీద మోపే అనవసర భారం. బడిని ఎంచుకునేటప్పుడు ఈ సంగతి శిక్షకులతో చర్చించవలసినంత ముఖ్యమైనది.

మైకు నోటి దగ్గరికి వస్తే

దూరమే సమస్య అయినప్పుడు మైకును దూరం నుంచి దగ్గరికి జరపడమే పరిష్కారం. ఉపాధ్యాయుడు మెడలో గానీ, చొక్కాకు గానీ చిన్న మైకు తగిలించుకుంటాడు. అది నోటికి జానెడు దూరంలో ఉంటుంది. మాట అక్కడి నుంచి రేడియో తరంగాల ద్వారా నేరుగా పిల్లవాడి యంత్రంలోకి వెళుతుంది. నాలుగు మీటర్ల నుంచి 15 సెంటీమీటర్లకు దూరం తగ్గితే లెక్క ప్రకారం మాట సుమారు 28 డెసిబెల్ పైకి లేస్తుంది. ఆచరణలో లాభం ఇంతకంటే తగ్గినా, కావలసిన 15 డెసిబెల్ తేడా ఈ పద్ధతిలో అందుతుంది. మొదట ఎఫ్ఎం తరంగాలతో వచ్చిన ఈ పరికరాలు గత దశాబ్దంలో డిజిటల్ పద్ధతికి మారాయి. వాటిలో కొన్ని, రొద పెరిగినకొద్దీ తామే మాట స్థాయిని పెంచుతాయి.

దీనికి రెండు ప్రత్యామ్నాయాలున్నాయి. గది చుట్టూ తీగ చుట్టి అయస్కాంత క్షేత్రం ద్వారా మాటను పంపే లూప్ పద్ధతి ఒకటి. యంత్రంలో ఆ క్షేత్రాన్ని పట్టే టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉంటే చాలు, విడిగా రిసీవరు అక్కరలేదు. సభామందిరాలకు ఇది బాగా సరిపోతుంది. పక్కపక్కన ఉన్న తరగతుల్లో ఒక గది పాఠం మరో గదిలోకి చొరబడకుండా అమర్చడం మాత్రం కష్టం. మైకు నుంచి వచ్చిన మాటను గదిలో అమర్చిన స్పీకర్ల ద్వారా అందరికీ సమంగా వినిపించడం రెండో పద్ధతి. తక్కువ స్థాయి లోపం ఉన్నవారికీ, జలుబుతో చెవులు దిబ్బడేసిన వారికీ, గొంతు చించుకునే ఉపాధ్యాయులకూ దీనివల్ల మేలు కలుగుతుంది. మారుమోత ఎక్కువగా ఉన్న గదిలో మాత్రం ఇది రొదను ఇంకా పెంచే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు గదిని సరిచేసి, ఆ తరువాతే స్పీకరు పెట్టాలి.

మైకు వాడకంలోనూ కిటుకులున్నాయి. ఉపాధ్యాయుడు మరొక పిల్లవాడితో పక్కకు వెళ్లి మాట్లాడేటప్పుడు దాన్ని ఆపకపోతే ఆ సంభాషణ అంతా ఈ పిల్లవాడి చెవిలోకే వెళుతుంది. తోటి పిల్లలు చెప్పే జవాబులు మైకులోకి రావు కాబట్టి వాటిని ఉపాధ్యాయుడు మళ్లీ చెప్పాలి. ఈ రెండు అలవాట్లు పట్టుబడనప్పుడు ఖరీదైన పరికరం నెల తిరగకుండానే బీరువాలోకి చేరుతుంది.

ధ్రువపత్రం అందని లోపం

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్ లోపం ఉన్నవారిని వినికిడి మందగించినవారుగా, 70 డెసిబెల్ లోపం ఉన్నవారిని బధిరులుగా నిర్వచించింది. ఉచితంగా సహాయక పరికరాలు పొందే హక్కును 18 ఏళ్ల వయసు వరకు, 40 శాతానికి తగ్గని వైకల్యం ధ్రువీకరణ పొందిన విద్యార్థులకు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం మెరుగైన చెవిలో 35 డెసిబెల్ దాటితే చాలు, పునరావాసం అవసరమని లెక్కిస్తుంది. 2021లో అది వెలువరించిన ప్రపంచ వినికిడి నివేదిక ప్రకారం అటువంటి అవసరం ఉన్నవారు 43 కోట్ల మంది, వారిలో 3.4 కోట్ల మంది పిల్లలు.

ఈ రెండు గీతల నడుమ, అంటే 35కూ 60కీ మధ్య ఉన్న పిల్లలు మన చట్టం లెక్కలో ఎక్కడా కనబడరు. వారికి మాటలు వస్తాయి కాబట్టి లోపం ఉందని ఎవరికీ తోచదు. 45 డెసిబెల్ లోపం ఉన్న పిల్లవాడికి పైన చెప్పిన లెక్కలో నాలుగు మీటర్ల దగ్గరి మాట అతి సన్నని చప్పుడుగా మాత్రమే చేరుతుంది. కోరస్‌గా పాఠం చదివించే తరగతిలో ఇటువంటి పిల్లలు తోటివారి పెదవులు చూసి నోరు కదిపేస్తూ ఏళ్లు గడిపేయగలరు. డిక్టేషన్‌లో తప్పులు, ప్రశ్నకు పొంతన లేని జవాబు, పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూడటం, మధ్యాహ్నానికల్లా అలసి చిరాకు పడటం అన్నవి ఉపాధ్యాయుడికి కనబడే ఆనవాళ్లు. రొదలోంచి మాటను ఏరుకోవడానికి పడే శ్రమే ఆ అలసటకు కారణం.

ఒక్క చెవి మాత్రమే వినబడని పిల్లల పరిస్థితీ ఇంతే. "ఇంకో చెవి బాగానే ఉందిగా" అని వదిలేయడం పరిపాటి. అమెరికాలో ఫ్రెడ్ బెస్, ఆన్ మేరీ థార్ప్ 1980లలో పరిశీలించిన ఇటువంటి పిల్లల్లో 35 శాతం కనీసం ఒక తరగతి తప్పారు. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుసుకోవడానికీ, రొదలోంచి మాటను విడదీసుకోవడానికీ రెండు చెవులూ కావాలి.

పిల్లల వినికిడి లోపంలో సుమారు 60 శాతం నివారించదగిన కారణాల వల్లే వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. నిర్లక్ష్యం చేసిన చెవి చీము వాటిలో ముఖ్యమైనది. చీము కారే చెవిలో వేడి నూనె పోయడం, పుల్లతో గులిమి తీయడం నష్టాన్ని పెంచే అలవాట్లు.

గది, బల్ల, పొద్దున్నే ఆరు శబ్దాలు

మారుమోతను తగ్గించడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. వెనుక గోడకు మెత్తని బోర్డులు, కిటికీలకు మందపాటి తెరలు, నేల మీద చాపలు, బల్లల కాళ్లకు రబ్బరు తొడుగులు, గడగడలాడే ఫ్యాన్లకు మరమ్మతు కలిస్తే తేడా చెవికి తెలుస్తుంది. ముందు బెంచీ మంచిదే గానీ అది ఫ్యాను కిందో, వరండా తలుపు పక్కనో ఉంటే ప్రయోజనం తగ్గుతుంది. బాగా వినబడే చెవి ఉపాధ్యాయుడి వైపు ఉండాలి, ఉపాధ్యాయుడి ముఖం మీద వెలుతురు పడాలి. అరిచి చెప్పడం వల్ల లాభం లేదు, ఎందుకంటే అరుపులో అచ్చులు పెద్దవవుతాయి గానీ హల్లులు అంతగా పెరగవు, పైగా పెదవుల తీరు మారిపోతుంది. మామూలు గొంతుతో కొంచెం నిదానంగా చెప్పడం, అర్థం కాని వాక్యాన్ని అలాగే తిరిగి చెప్పకుండా వేరే మాటల్లో చెప్పడం, ఇంటిపనిని బోర్డు మీద రాయడం మేలు.

ఆ రోజు మిషన్ పని చేస్తోందో లేదో నిమిషంలో తెలుసుకునే పద్ధతి కూడా ఉంది. డేనియల్ లింగ్ రూపొందించిన పరీక్షలో ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ఆరు శబ్దాలను పిల్లవాడికి పెదవులు కనబడకుండా ఒక్కొక్కటిగా పలికి, విన్నదాన్ని తిరిగి అనమంటారు. బరువైన శబ్దాల నుంచి సన్నని శబ్దాల వరకు మాటకు కావలసిన పరిధి అంతా ఈ ఆరింటిలో ఉంది. నిన్న స్ అన్నదాన్ని పట్టుకున్నవాడు ఈ రోజు పట్టుకోలేకపోతే బ్యాటరీ అయిపోవస్తున్నదో, చెవిలో అమరే మోల్డు గొట్టంలో చెమట చేరిందో చూడాలి. తీరప్రాంతపు ఉక్కలో ఈ చెమ్మ సమస్య ఎక్కువ. రాత్రిపూట మిషన్‌ను తేమ పీల్చే గుళికల డబ్బాలో పెట్టడం అందుకే అవసరం. పిల్లల చెవి పెరిగేకొద్దీ మోల్డు వదులై కీచుమంటుంది, దాన్ని కొద్ది నెలలకోసారి మార్చాలి. ఆ కీచుమోత భరించలేక ఉపాధ్యాయులే మిషన్ తీసేయమనడం వల్ల బడి గంటల్లో చెవులు ఖాళీగా ఉండిపోయే పిల్లలూ ఉన్నారు.

సైగల భాషతో పోటీ లేదు

ఇంప్లాంట్ ఆలస్యమైన వారికీ, దానితో తగిన ఫలితం రాని వారికీ, బధిర కుటుంబాల్లో పుట్టిన వారికీ సైగల భాష సంపూర్ణమైన భాష. చేతులు వాడితే నోట మాట రాదన్న భయంతో ఏ భాషా లేకుండా తొలి ఏళ్లు గడిచిపోవడం అన్నిటికంటే పెద్ద నష్టం. భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఈ భాషను దేశవ్యాప్తంగా ప్రామాణీకరించాలని చెప్పింది. ప్రాసెసర్ బ్యాటరీ అయిపోయిన క్షణంలో, ఈత కొట్టేటప్పుడు, రాత్రి మిషన్ తీసేసిన తరువాత ఇంప్లాంట్ ఉన్న పిల్లలకూ చేతి భాష ఆసరాగా నిలుస్తుంది.

గొలుసు తెగే చోటు

ముంబయిలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ వాక్కు, వినికిడి లోపాల సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. కేంద్ర పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు, వాటిలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. ఆసుపత్రి శస్త్రచికిత్స చేస్తుంది, వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టులు మ్యాపింగ్ చేస్తారు, భవిత కేంద్రం వారంలో కొన్ని గంటలు చూస్తుంది, మిగిలిన సమయమంతా పిల్లవాడు మామూలు తరగతిలో ఉంటాడు. అతని వినికిడి స్థాయిని చూపే ఆడియోగ్రామ్ మాత్రం ఆసుపత్రి ఫైలులోనే ఉండిపోతుంది. ఏ చెవి మెరుగు, ఏ శబ్దాలు అందవు, మైకు అవసరమా అన్న మూడు సంగతులు ఉన్న ఒక్క కాగితం ప్రతి జూన్‌లో కొత్త తరగతి ఉపాధ్యాయుడి చేతికి చేరే ఏర్పాటు లేనందువల్ల, ఏటా పిల్లవాడి కథ మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది.

పథకాల రూపకల్పనలోనూ ఇదే అసమతుల్యత కనిపిస్తుంది. శస్త్రచికిత్సకు ఒకేసారి లక్షలు మంజూరవుతాయి. ఆ తరువాత తెగే కేబుళ్లు, అయిపోయే బ్యాటరీలు, వారంటీ తీరిన ప్రాసెసర్ ఖర్చు చాలావరకు కుటుంబం మీదే పడుతుంది. వ్యవసాయ కూలీ ఇంట్లో ఒక కేబుల్ తెగితే కొత్తది వచ్చేవరకు పిల్లవాడు నిశ్శబ్దంలోకి తిరిగి వెళతాడు. ఇంప్లాంట్ మంజూరు చేసే ఉత్తర్వులోనే విడిభాగాల ఖర్చునూ, పిల్లవాడు బడిలో చేరే ఏడాదికి మైకు పరికరాన్నీ కలిపితే ప్రభుత్వం అప్పటికే పెట్టిన లక్షలకు ఫలితం దక్కుతుంది. ధ్రువపత్రం పరిధిలోకి రాని 35 నుంచి 60 డెసిబెల్ పిల్లల కోసం, వైకల్య శాతంతో ముడిపెట్టకుండా ఆడియాలజిస్టు సిఫారసు మీద బడికే పరికరం ఇచ్చే పద్ధతిని రాష్ట్రాలు తమ స్థాయిలోనే మొదలుపెట్టవచ్చు. 2016 నాటి చట్టం కనీస హక్కులను చెప్పిందే తప్ప, అంతకు మించి ఇవ్వకూడదని ఎక్కడా అనలేదు.